పాదరసం మాట రాయండి

మచిలీపట్నంలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో, ల్యాబులో థర్మామీటరు పగిలిందంటే పిల్లలందరూ ఆ బల్ల చుట్టూ మూగేవాళ్లు. దొర్లే పాదరసాన్ని వేలితో తోయాలని అందరికీ సరదా. నేను వాళ్లని వెనక్కి జరిపి, కిటికీలు తెరిపించి, పాదరసాన్ని కట్టేసే గంధకం పొడి చల్లేదాన్ని. ఇంత చిన్న పూసకి ఇంత హడావిడి ఎందుకు మేడమ్ అనేవాళ్లు. ఆవిరైపోతే నేనేం చెయ్యలేనర్రా అని చెప్పేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక, దివిసీమలో మా అత్తగారి ఊరికి దగ్గర్లో, కోడూరు అవతల సముద్రం వైపు, బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు కడతారన్నారు. ఉద్యోగాలొస్తాయని కొందరు, చేలూ చేపలూ పోతాయని ఎక్కువమంది. మా ఆయన అన్నగారు గుడివాడలో లారీలు నడిపేవారు. ప్లాంటు వస్తే బూడిద తోలే కాంట్రాక్టు తనదేనని ఆయన నమ్మకం.

ప్లాంటు మీద జనం అభిప్రాయం తెలుసుకోవడానికి సభ పెడుతున్నారని, అందులో నేను పాదరసం గురించి అడగబోతున్నానని తెలిసి ఆయన ఆదివారం పూట మా ఇంటికొచ్చారు. భోజనం చేశారు. చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాక అన్నారు. “నువ్వు గవర్నమెంటు ఉద్యోగివమ్మా. అక్కడ నోరు విప్పితే ఎక్కడికి బదిలీ చేస్తారో తెలుసా?”

“ఎక్కడికి చేసినా కెమిస్ట్రీయే చెప్తాను బావగారూ.”

ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన మజ్జిగ తాగుతూ ఉండిపోయారు. సభ రోజు పొద్దున మాత్రం నేను అడక్కుండానే స్కూటరు తుడిచి బయట పెట్టారు.

కోడూరు హైస్కూలు గ్రౌండులో షామియానా వేశారు. కంపెనీ ఇంజనీరు చాలాసేపు మాట్లాడాడు. చిమ్నీ ఎంత ఎత్తో, బూడిదని ఫిల్టర్లు ఎలా పట్టేస్తాయో చెప్పాడు. పాదరసం పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నా వంతు రాగానే మైకు తీసుకుని, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. బొగ్గులో పాదరసం రవ్వంత ఉంటుంది. కాల్చినప్పుడు ఆవిరై, చాలావరకు ఆ ఫిల్టర్లకి దొరక్కుండా పోతుంది. వానతో కాలవల్లోకీ, మడ అడవుల బురదలోకీ దిగి విషంగా మారుతుంది. చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి, చేపలోంచి మనలోకి వస్తుంది. కడుపులో ఉన్న బిడ్డ మెదడుకి ముందు దెబ్బ. పొగలో కార్బన్ పొడి కొట్టి దాన్ని పట్టుకునే మిషన్లున్నాయి, అవి మీరు పెడతారా అని అడిగాను.

మన దేశంలో పాదరసానికి పరిమితి ఏదీ పెట్టలేదనీ, చట్టం అడగనిదానికి డబ్బు పెట్టలేమనీ ఇంజనీరు జవాబిచ్చాడు. చట్టంలో లేదు కాబట్టే ఇక్కడ అడుగుతున్నానన్నాను.

అప్పుడు జనంలోంచి, ప్లాంటు వద్దంటున్న ఒక కుర్ర రైతు లేచాడు. “అసలు ప్లాంటే వద్దని మేం మొత్తుకుంటుంటే మీరు మిషను పెట్టమంటారేంటండీ? మీరెవరి వైపు?”

చప్పట్లు మోగాయి. “మా ఆడపడుచు కూతురు కడుపుతో ఉంది. ఈ ఊళ్లోనే ఉంటుంది, రోజూ చేప తింటుంది. నేను ఆ పిల్ల వైపు,” అన్నాను. “ఇక్కడ వద్దంటే ఇంకో చోట కడతారు. ఎక్కడ కట్టినా ఇది పెట్టాల్సిందే.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సభ చివర్లో, సభ నడిపిన అధికారి ఎవరేం అడిగారో రాసుకున్న మినిట్స్ చదివి వినిపించారు. నేను అడిగినదంతా ‘పొగపై ఆందోళన’ అన్న రెండు ముక్కలయింది. మళ్లీ ముందుకెళ్లాను. పొగంటే అన్నీ అందులోకే వస్తాయి కదమ్మా అన్నారాయన, ఫైలు కట్టేస్తూ.

“రావండీ. పాదరసం మాట రాయండి. రాసేదాకా నేను కదలను.”

మైకు ఆపేశారు. నేను అక్కడే నించున్నాను. మా ఆయన వచ్చి నా పక్కన నించున్నారు. అంతకుముందు నన్ను నిలదీసిన ఆ కుర్ర రైతు కాసేపు చూసి, వచ్చి స్టేజీ ముందు నేల మీద చతికిలబడ్డాడు. అతని వెనక చేపలమ్మే ఆడవాళ్లు కూర్చున్నారు. అధికారి జీపుకి దారి లేకుండా పోయింది. అధికారి ఫైలు మళ్లీ విప్పి రాశారు. పైకి చదవమన్నాను. చదివారు.

ఆ ప్లాంటు కోడూరుకి రాలేదు. కంపెనీ వేరే జిల్లా తీరానికి పోయింది. నాకు బదిలీ కూడా రాలేదు. ఒక పెళ్లిలో, అందరూ వింటుండగా, మా మరదలి వల్లే ప్లాంటు పోయిందని బావగారు అన్నారు.

“నేను పొమ్మనలేదు బావగారూ, మిషను పెట్టమన్నాను. దానికంటే పోవడమే చవకని వాళ్లే లెక్కేసుకున్నారు,” అన్నాను. ఆయన లేచి వేరే బంతిలో కూర్చున్నారు.

ఆ జిల్లాలో సభ పెట్టినప్పుడు సెలవు పెట్టి, బస్సెక్కి వెళ్లాను. మీది ఈ ఊరు కాదు కదా, మీకెందుకన్నారు అక్కడి అధికారి. కృష్ణా జిల్లా నుంచి వచ్చాను, కెమిస్ట్రీ చెప్తాను, నాకొక ప్రశ్న ఉంది అని చెప్పి వరసలో నించున్నాను.