రోమా మీదుగా వచ్చిన దీపానికి చుట్ట వాసన

మా చిన్నప్పుడు క్రిస్మస్ నక్షత్రం ఇలా కళ్ళు కొట్టేది కాదు... వెదురు బద్దలు, రంగు కాగితం, లోపల చిన్న బుడ్డిదీపం. వెలిగిస్తే వెలిగేది, ఆర్పితే ఆరేది. మొన్న మా మనవరాలు గుమ్మానికి ప్లాస్టిక్ నక్షత్రం కట్టింది. టప్పున వెలుగుతుంది, టప్పున ఆరుతుంది... వరండాలో అన్నం తింటుంటే చేపముల్లు కంటపడేలోపు చీకటి!

దాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే మా సండే స్కూలు గుర్తొచ్చింది...

భావనపాడు పక్కన, సముద్రం ఒడ్డున మాది చిన్న పేట. తాటాకు పాకే మా చర్చి. సారమ్మ టీచరు ఆదివారాలు పిల్లలకు పాఠం చెప్పేది. ఓ ఏడాది పట్నం నుంచి పెద్ద పాస్టరు అయ్యగారు కబురు పెట్టారు... "మీ పిల్లలకు ఏమీ రావడం లేదట. పండక్కి వచ్చి చూస్తాను. నచ్చకపోతే సండే స్కూలు ఎత్తేస్తాం" అని. టీచరమ్మకి భర్త లేడు, పిల్లలు లేరు. ఆ పాక, మేము... అంతే ఆవిడ లోకం.

అందుకని ఓ ఆట కట్టింది. యేసు ప్రభువు కబురు యెరూషలేములో బయల్దేరి మా పేట దాకా ఎలా వచ్చిందో చూపించే ఆట. పిల్లలందరం పాక చుట్టూ వరసగా నిలబడాలి. ఒక్కొక్కరి మెడలో ఒక్కో పేరు రాసిన అట్టముక్క. యెరూషలేము, అంతియొకయ, రోమా, ఇంగ్లండు, కెనడా, తర్వాత అక్కడి మిషనరీ దొరల్ని తెచ్చిన ఓడ... ఆఖరున మా పేట. వెలిగించిన బుడ్డి చేతులు మారుతూ, పాకని చుట్టి వచ్చి, ముందు కుర్చీలో కూర్చున్న అయ్యగారికి చేరాలి. మధ్యలో ఆరకూడదు.

"లాంతరు ఎట్టుకుందాం టీచరమ్మా, గాలికి ఆరిపోద్ది" అన్నాను.

"ప్రభువు శిష్యులకి లాంతర్లున్నాయేటిరా? సేతులడ్డెట్టుకునే తెచ్చినారు" అంది.

క్రైస్తవులనే పేరు మొదట పుట్టింది అంతియొకయలోనే అని ఆవిడ ఎంత నూరిపోసినా, ఆ అట్ట కట్టుకున్నవాడి నోట "అంతే ఒక కాయ" అనే వచ్చేది. మా నానమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఓలమ్మ, ఊరంతటికీ ఒక్క కాయేటిరా? ఎలగ బతికినారో పాపం!"

వల బాగుచేసుకుంటూ మా ఆట చూసే నీలయ్య మావది ఇంకో బాధ. ఆయన గంగమ్మకి మొక్కే మనిషి. అయినా శిష్యుల్లో ఒకాయన రోమాకి పోతుంటే ఓడ పగిలిందని విని ఆగలేకపోయాడు. "తుపాను రోజుల్లో ఎల్లడమేటి టీచరమ్మా? మన జాలరోడ్ని ఒక్కడ్ని ఎక్కించుకుంటే సెప్పీవోడు కదా!"

నేను మా పేట. నాకు ముందు నిలబడే ఓడ మా మేనమామ కూతురు మార్త. నడుముకి అట్ట ఓడ కట్టుకుని ఊరంతా తిరిగింది. "నాను రాకపోతే మీ పేట మొకం ఎవలు సూస్తారురా? కెనడా దొరల్ని మోసుకొచ్చింది నానే!" అని నా మీద ఒకటే దర్జా.

పండగ సాయంత్రం అయ్యగారు వచ్చారు. యెరూషలేములో దీపం వెలిగింది. 'ఒక కాయ' దాటింది. మొదట్లో దాక్కుని ప్రార్థించేవారని, తర్వాత రాజే తల వంచాడని టీచరమ్మ చెప్పిన ఆ రోమాలో కాస్త వణికింది, నిలబడింది. మెడకి మఫ్లరు చుట్టుకుని చెమటలు కక్కుతున్న కెనడా, ఓడకి అందించాడు. ఓడ పాక వెనక్కి తిరిగింది. అక్కడ నేనూ, దడి పక్కన కూర్చున్న నానమ్మా తప్ప ఎవరూ లేరు.

మార్త దీపం నా చేతికి ఇవ్వబోతుండగా... ఆరిపోయింది.

"ఓలమ్మో... గాలి..." అంటూ మార్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుపు. అవతల నుంచి టీచరమ్మ గొంతు... "ఇదిగో, ఇప్పుడా వెలుగు మన పేటకు వస్తోంది!"

జేబులు తడుముకున్నాను. అగ్గిపెట్టె లేదు. టీచరమ్మ బడి పోయినట్టే...

నానమ్మ కేసి చూశాను. మూతి ఉబ్బెత్తుగా ఉంది. మా వైపు ఆడవాళ్ళ అడ్డపొగ తెలుసు కదా... చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు.

"నోరు తెరు ముసిల్దానా!"

"ఏటిరా గుంటడా, నా పళ్ళు లెక్కెడతావేటి?" అంటూనే చుట్ట బయటికి తీసింది. దడిలోంచి ఎండు తాటాకు ముక్క పీకి, నిప్పుకి ఆనించి ఊదింది. మంట లేచింది. ఒత్తి అంటుకుంది.

నేను దొరబాబులా నడిచివెళ్ళి ఇచ్చాను. అయ్యగారు రెండు చేతులా అందుకుని, "ఎక్కడి యెరూషలేము, ఎక్కడి ఈ పేట! ఆరకుండా తెచ్చారు. ఈ సండే స్కూలు ఉండాలి" అన్నారు. టీచరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

తర్వాత నన్ను పక్కకి పిలిచింది. "ఒరే, దీపం సుట్ట వాసనొస్తన్నాదేటిరా?"

నానమ్మ చుట్ట సంగతి చెప్పేశాను. నెత్తిమీద చిన్న మొట్టికాయ వేసింది. "దారిలో ఎన్నిసార్లు ఆరిపోనాదో ఎవలికి తెలుసురా... ఎక్కడికక్కడ ఎవలో ఒకలు ముట్టించబట్టే కదా మన దాకా వచ్చినాది" అంది.

నా చదువు ఐదో తరగతితో సరి. కానీ ఆ ఊళ్ళ వరస నిద్రలో లేపినా చెబుతాను. మనవరాలు ఫోనులో భూగోళం తిప్పి, ఏ దేశంలో చూసినా ఓ చర్చి చూపిస్తుంటే... వీటికి దీపం మోసిన పిల్లలెవరో, ఏ నానమ్మ చుట్ట ఆదుకుందో అనిపిస్తుంది.

ఇప్పుడు మా పాక స్లాబు చర్చి అయింది. మైకు ఉంది, ఇన్వర్టరు ఉంది. కరెంటు పోయినా లైటు ఆరదు. చేతులు అడ్డుపెట్టే పని పిల్లలెవరికీ లేదు... మంచిదే. ఎందుకో కాస్త వెలితి.

అన్నట్టు, ఆ ఓడనే పెళ్ళాడాను. "నా సేతిలో ఆరిపోనాది, నువ్వు కాసినావు" అంటూ ఇన్నేళ్ళుగా పులుసులో చేప తలకాయ నాకే వేస్తోంది. పండగొచ్చి ఆ మాట తలుచుకున్నప్పుడల్లా దాని మొహం ఇంకా చిన్నబోతుంది...

మీలో ఎవరైనా చిన్నప్పుడు ఏదో చేసేసి నెపం గాలి మీదికి తోసేసి ఉంటే కింద రాయండి బాబూ, నాకు తోడుంటుంది. ఇంకాసేపట్లో మనవరాలు ఇది వాళ్ళ నానమ్మకి చదివి వినిపిస్తుంది.

మార్తా... ఆ రోజు గాలి లేదే. నీ దర్జా చూడలేక నేనే ఊదేశాను.