దావీదన్న వంతు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నదంతా ఒక్క మాట. మోస్తున్నానంటే కుంగిపోయానని అనుకోకండి. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పొద్దున్నే అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ, నా బతుక్కేం తక్కువ అనుకుంటాను. నిజంగానే ఏమీ తక్కువ లేదు. అందుకేనేమో ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. మీకు చెబుతాను. మా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా.

మాది నకిరేకల్ దగ్గర ఊరు. గొర్రెలు కాచే కుటుంబం, చెరువు కింద కాస్త పొలం. అరవైలలో నేను హైదరాబాదులో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఆపరేషన్స్ రీసెర్చ్. ఊళ్ళో ఆ పేరుకు ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఉన్న కొద్దిదాన్ని పదిమందికి ఎట్లా పంచితే అందరికీ ఎక్కువ మేలు జరుగుతుందో లెక్కగట్టే చదువని చెప్పేవాణ్ణి. పంచడానికి చదువెందుకు, మనసుంటే చాలదా అనేవాడు బాపు. ఎగతాళికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

పరీక్షల ముందు సెలవులకు ఇంటికి వస్తే, చెరువులో నీళ్ళు అడుగంటుతున్నాయి. వేసంగి వరి పొట్ట మీద ఉంది. అట్లాంటప్పుడు మా దగ్గర నీళ్ళకు వంతులు పెట్టుకుంటారు. ఎవరి వంతు ముందో తేలడానికి పొడుగూ పొట్టీ పుల్లలు పిడికిట్లో పట్టి లాగిస్తారు. ఎవరి రాత వాళ్ళది. ఆ ఏడు నేను ఊరుకోక, పుల్లలెందుకు, లెక్క వేసి చెబుతానన్నాను. పట్నంలో పెద్ద చదువు చదివే పిలగాడు కదా, పెద్దమనుషులు సరేనన్నారు.

లెక్క నిజంగానే వేశాను. ఇది మాత్రం నమ్మండి. ఎండలో కాలువ వెంట తిరిగి తిరిగి వేశాను. జవాబు తేలినప్పుడు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. కాలువ చివరి పొలం నుంచి మొదలుపెట్టాలి. చెరువులో నీళ్ళు ఎత్తుగా ఉన్నప్పుడే చివరిదాకా పారతాయి, తగ్గాక దారిలోనే ఇంకిపోతాయి. అట్లా చేస్తే అందరి పంటా గట్టెక్కుతుంది. తూము పక్కనే ఉన్న మా పొలంలో మాత్రం ఒక మడి ఎండవచ్చు.

ఒక్క మడి.

అక్కడ ఆగిపోయాను. బాపు నన్నేమీ అడగలేదు. ఆయన మీదికి తోసేద్దామని ఎన్నోసార్లు చూశాను, కుదరలేదు. ఆయనకు ఆ జవాబే తెలియదు. మరి నేనెందుకు చేశాను? మడి మీద ఆశా? కాదు. నా చదువు మా ఇంటికి అక్కరకొచ్చిందని బాపు నోటితో అనిపించుకోవాలని. అంతేనా? అంతేననుకుంటాను. ఇంతకంటే గొప్ప కారణం ఉంటే ఇన్నేళ్ళలో ఎప్పుడో దొరికేది.

చెరువు కట్ట మీద అందరూ కూడినప్పుడు, మొదటి వంతు తూము దగ్గరి పొలాలదని, ఆఖరి వంతు కాలువ చివరి పొలానిదని చెప్పాను. ఆ చివరి పొలం దావీదన్నది. వాళ్ళ తాతతండ్రులకు సొంత భూమి లేదు. ఊరందరి పొలాల్లో కూలి చేసి చేసి, ఆ ఇంట్లో మొదటిసారిగా దావీదన్న సంపాదించుకున్న చెక్క అది. ఆయన కాస్త దూరంగా నిలబడి వింటున్నాడు. అక్కడి నుంచే అడిగాడు.

"నీళ్లు తగ్గినంక నా దాంక వస్తయా తమ్మీ?"

"గది గూడ లెక్కల పట్టిన అన్నా."

నేను మోస్తున్న మాట ఇదే.

దావీదన్న తలకు చుట్టిన తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు.

"లెక్కల పట్టినవంటే నాకు ఫికర్ లేదు. పుల్లలు పట్టే చెయ్యి ఎవల్దో ఒకల్దయితది. లెక్కకు మా వాడ, మీ వాడ తెల్వదు గద."

ఎండలు ముదరకముందే చివరి పొలం నెర్రెలు విచ్చింది. గింజ పట్టని వరిని దావీదన్న కోసి పశువులకు వేశాడు. మేము కల్లంలో వడ్లు రాశి పోశాం. బాపు గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని, నీ సదువు అక్కరకొచ్చింది బిడ్డా అన్నాడు. ఆ మాట కోసమే కదా ఇదంతా. వింటే సంతోషమే అయింది, దాచడమెందుకు. దావీదన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. లెక్క తప్పలేదు, చెరువే తప్పిందని నలుగురికీ చెప్పాడట. ఆ ఏడు మళ్ళీ కూలికి పోయాడు. మా పొలానికీ వచ్చాడు.

అక్కడితో ఆగానా? లేదు. మౌఖిక పరీక్షలో ప్రొఫెసరు ఏదైనా ఒక ఉదాహరణ చెప్పమంటే మా చెరువు లెక్కే చెప్పాను. చివరి నుంచి ఎందుకు మొదలుపెట్టాలో బోర్డు మీద గీసి మరీ చెప్పాను. ఆయన మెచ్చుకుని, మీ ఊళ్ళో అట్లాగే చేశారా అని అడిగారు. చేశామన్నాను. ఊరికి చెప్పని నిజం పట్నంలో చెప్పి పాసయ్యాను.

దావీదన్న పోయి చాలా కాలమైంది. ఆ తర్వాత ఆయనకు పంటలు బాగానే కలిసొచ్చాయి. అందులో నా పుణ్యమేమీ లేదు. ఆయన బిడ్డ మేరీ ఇప్పుడు బడిలో లెక్కల టీచరు. మొన్న కలిసినప్పుడు, లెక్కకు వాడలు తెలియవనే నాయిన తనకు లెక్కలు చదివించాడని నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆమె నమ్మకాన్ని పాడుచేయడమెందుకని ఊరుకున్నాను. అదీ ఒక సాకే.

ఆమె అన్నది నిజమే, లెక్కకు వాడలు తెలియవు. తెలిసింది నాకు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలోనూ లేదు. ఆ రోజు కట్ట మీద చెప్పాల్సిన జవాబు ఇప్పుడు మీ ముందు చెబుతున్నాను. చెబుతుంటేనే గుండె తేలికవుతోంది. ఆ ఏడు, లెక్క ప్రకారం, మొదటి వంతు దావీదన్నది.