ముందు మన తీగ చూసుకోవాలండీ

మా మాస్టారు పోయిన రోజు పొద్దున్న నేను కైకలూరులో మా మేత కొట్టు డాబా మీద ఉన్నాను. చేతిలో కటింగ్ ప్లేయరు, పళ్ళ మధ్య టేపు ముక్క. రోజూ ఆ వేళకు తాడేపల్లిగూడెం నుంచి రేడియోలో వినబడాల్సిన ఆయన మీట చప్పుడు ఆ పూట వినబడలేదు. తప్పు నా వైపే అనుకున్నాను. నిచ్చెన వేసుకుని ఏరియల్ తీగ దించాను, అతుకులు గీకాను, బ్యాటరీ మార్చాను, శుభ్రంగా ఉన్న టంకాన్ని కరిగించి మళ్ళీ వేశాను. ఇంతలో ఫోను మోగింది. తెర మీద ‘మాస్టారు’ అని పడింది. రేడియోలో అందనప్పుడు ఫోను చేసి అడగడం పరీక్షలో కాపీ కొట్టడమేనని ఇన్నేళ్ళూ నన్ను సాధించిన మనిషి, ఇవాళ తానే ఫోను చేశారు కదా అని భలే సంబరపడ్డాను.

“ఏంటి మాస్టారూ, ఓడిపోయారా?” అన్నాను.

అవతల మాట్లాడింది వాళ్ళ పెద్దబ్బాయి. “నాన్నగారు తెల్లవారుజామున పోయారండీ. నిద్రలోనే” అన్నాడు.

వినబడకపోతే ముందు మన తీగ చూసుకోవాలండీ, ఆ తర్వాతే అవతలివాణ్ణి అనాలి. మాస్టారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. ఆ పాఠం తు.చ. తప్పకుండా పాటించి, ఆయన లేని పూట నేను బాగున్న తీగను బాగుచేస్తూ కూర్చున్నాను. తెలిస్తే ఆయన నవ్వి, “పద్ధతి మాత్రం రైటేనండీ” అని సగం మార్కులు వేసేవారు.

ఈ సరదా సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే, ఇంట్లో కూర్చుని రేడియోలో దూరాన ఉన్న ఇంకొకరితో మాట్లాడుకోవచ్చు. మేము నోటితో మాట్లాడేవాళ్ళం కాదు. మీట నొక్కి చుక్కలు, గీతలుగా అక్షరాలు పంపుకునేవాళ్ళం. మాస్టారి పట్టుదల ఇంకొకటి ఉంది. సెట్టు కొనకూడదు, చేసుకోవాలి. అదీ చిన్న టార్చి బల్బును సరిగ్గా వెలిగించలేనంత కరెంటుతో నడవాలి.

ఆయన తాడేపల్లిగూడెంలో మాకు కాలేజీలో ఫిజిక్సు చెప్పారు. విద్యార్థుల్ని కూడా ‘మీరు’ అనేవారు. క్లాసులోంచి గెంటేసేటప్పుడు కూడా, “ఒక్కసారి అలా బయటికి వెళ్ళి నిలబడతారా అండీ?” అని అడిగేవారు. అలా మర్యాదగా బయట నిలబడ్డవాళ్ళలో నేను మొదటివాణ్ణి. చదువు నాకు అబ్బలేదు గానీ, ఆయన ఇంటి వరండాలో చూసిన బిస్కెట్ల డబ్బా మాత్రం అంటుకుంది. అందులో ఆయన రేడియో ఉండేది. పాడైన టీవీల్లోంచి పీకిన పార్టులు, వాటి కింద అట్టముక్క. రంపం బ్లేడు ముక్కను చెక్కకు బిగిస్తే అదే మీట. ఏరియల్‌కు తీగ నేనే పట్టుకెళ్ళేవాణ్ణి. మా ప్రాంతంలో చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ మోటార్లలో రోజూ ఏదో ఒకటి కాలుతూనే ఉంటుంది. దాని వైండింగు విప్పితే కావలసినంత రాగి. “ఊరంతా కైకలూరు నుంచి చేపలు తెమ్మంటారండీ. మీరు మాత్రం కాలిన మోటారు తెండి” అనేవారు. వాళ్ళావిడ లోపలి నుంచి, “రెండూ తెస్తే ఏవైనా అరిగిపోతారా అండీ?” అనేవారు. ఆవిణ్ణి మేమంతా అమ్మగారు అంటాం. అప్పట్నుంచీ రెండూ తెచ్చేవాణ్ణి.

ఆ ఏరేటర్లే మాకు శత్రువులు కూడా. తెల్లవారే వేళ చెరువుల్లో చేపలకు గాలి చాలదు కాబట్టి అవన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి. అప్పుడు రేడియో పెడితే మూకుడులో చేపలు వేయిస్తున్న మోత తప్ప ఇంకేమీ వినబడదు. ఎండ పైకొచ్చి, రైతులు మోటార్లు కట్టేశాక గానీ మాస్టారి బిస్కెట్ల డబ్బా కూత నా దాకా వచ్చేది కాదు. అందుకే అదే మా వేళ. మధ్యలో కరెంటు పోయిందంటే మాకు పండగే. ఊరంతా కరెంటాఫీసును తిట్టుకుంటుంటే, అక్కడ గూడెంలో ఆయన, ఇక్కడ నేను, గబగబా మీటల దగ్గరికి పరుగెత్తేవాళ్ళం.

కొట్టు బాగా నడిచిన రోజుల్లో ఓసారి నా బుద్ధి గడ్డి తిని పెద్ద సెట్టు కొన్నాను. ఆయనకు చెప్పకుండా మర్నాడు దాంతోనే పంపాను. వెంటనే జవాబు వచ్చింది. వినబడ్డారు, కానీ అరిచారు, అని. తర్వాత ఇంటికి వెళితే కాఫీ ఇచ్చి మెల్లగా అందుకున్నారు. “అరిస్తే ఎవరికైనా వినబడుతుందండీ. మీరు చిన్నగా పలకాలి, అవతలివాడు చెవి ఒగ్గి కూర్చోవాలి. అలా ఒక్కడు కూర్చున్నాడంటే, ఇంక మీకు కావలసిందేముందండీ?” ఆ సెట్టు ఇప్పటికీ మా గోడౌనులో మేత బస్తాల వెనక ఉంది.

ఇలాంటి స్మృతుల్లో, తుఫాను నాడు ఫోను టవర్లన్నీ కూలితే ఈయన రేడియోతో ఊరిని కాపాడారని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. గాలివాన వస్తే గూడెం మొత్తం మీద మొదట తెగేది మాస్టారి తీగే. కాలిన మోటారు తీగ మరి.

ఇంతా చేసి మేము మాట్లాడుకున్నదేమిటని మా ఆవిడ అడిగేది. ఏమీ లేదు. ఆయన ‘ఉన్నారా’ అని కొట్టేవారు. నేను ‘ఉన్నాను’ అనేవాణ్ణి. ఎంత బాగా వినబడుతోందో చెప్పుకునేవాళ్ళం. మబ్బు, ఎండ, మోకాలి నొప్పి. చివర చెరో రెండు చుక్కలు, టిక్ టిక్. రేడియోవాళ్ళలో అది సెలవు తీసుకునే ఆనవాయితీ. ఒక ఏడు, కొట్టుతో పాటు నేను వేసిన రొయ్యల చెరువులన్నీ తెగులు తగిలి తుడిచిపెట్టుకుపోయాయి. వారం పాటు మనుషుల మొహం చూడబుద్ధి కాక కొట్టు తెరవలేదు. డాబా మాత్రం ఎక్కేవాణ్ణి. ఆయనకు అంతా తెలుసు, పెంటపాడు దాకా అందరికీ తెలిసిన సంగతే. ఒక్కరోజు కూడా ఆ ఊసెత్తలేదు. ఉన్నారా, అని అడిగేవారు. ఉన్నాను, అనేవాణ్ణి. ఆ వారం నేను ఇంకెవరితోనూ అనని మాట అది. ఆ మాట అడిగినందుకు ఆయనకు నేనెంత రుణపడ్డానో ఎప్పుడూ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

పెద్దకర్మ నాడు గూడెం వెళ్ళాను. భోజనాలయ్యాక అబ్బాయిలు డాబా మీదికి చూస్తూ, రంగులు వేయించేటప్పుడు ఆ తీగ తీసేయించాలని మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ తప్పేం లేదు. బట్టలారేసుకోవడానికి కూడా పనికిరాని తీగ. అమ్మగారు నన్ను వరండాలోకి పిలిచారు.

“ఏవండీ, ఇది వినడానికి కూడా లైసెన్సు ఉండాలా అండీ?” అని అడిగారు, బిస్కెట్ల డబ్బాను చూపిస్తూ.

“మీట నొక్కడానికి కావాలండీ. వినడానికి అక్కర్లేదు.”

“ఇన్నాళ్ళూ ఈ టిక్కుటిక్కుల్ని తిట్టిపోశానండీ. పొద్దున్నే దేవుడి దీపమైనా పెట్టకుండా ఇదేం పూజ అని. ఇప్పుడు ఆ వేళకి ఇల్లు బావురుమంటోంది. నాకందులో ఒక్క ముక్క తెలీదు. చివర్న ఇద్దరూ రెండేసి కొట్టేవారు చూడండి, అది మాత్రం తెలుసు. అవి వినబడితే అయిపోయిందని కాఫీ కలిపేదాన్ని.”

నేను మీటను విప్పి జేబులో వేసుకున్నాను. ఏ బటను తిప్పితే బ్యాటరీ కలుస్తుందో చూపించాను. తీగ సంగతి అబ్బాయిలతో ఆవిడే తేల్చుకున్నారు. “రంగులు దాని కింద నుంచి వేసుకోమనండిరా” అన్నారు. అంతే.

మర్నాడు ఏరేటర్లు ఆగాక డాబా ఎక్కి, ఆయన రంపం బ్లేడు మీట బిగించాను. ఉన్నాను, అని కొట్టాను. చివర రెండు చుక్కలు. జవాబిచ్చేవారెవరూ లేరు కాబట్టి వినబడిందో లేదో తెలిసే దారి లేదు. మేము వాడే ఆ కాస్త కరెంటుతో ఇదే పెద్ద చిక్కు. అవతల మనిషి పలికితేనే మన మాట చేరినట్టు, లేకపోతే గాలికి చెప్పినట్టు. ఒక్క ఫోను చేస్తే తెలిసిపోతుంది. చేయలేదు. కాపీ కొట్టకూడదు. రెండో రోజూ కొట్టాను, మూడో రోజూ కొట్టాను. మధ్యలో ఓ రోజు తీగ దించి అతుకులు చూసుకున్నాను. ఆవిడ బటను తిప్పుతున్నారో లేదో, తిప్పినా, ఎంతో కొంత మిగిలే ఆ మూకుడు మోతలో నా టిక్కులు పోల్చుకోగలరో లేదో. ఊరికే గాలిలో మీట కొట్టే పిచ్చివాణ్ణయ్యానా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

మొన్న పొద్దున్న మా వేళకు కాస్త ముందే కరెంటు పోయింది. కొల్లేటి వైపు మోటార్లన్నీ ఒక్కసారిగా చప్పబడ్డాయి. పరుగెత్తుకుంటూ డాబా ఎక్కాను. ఉన్నాను, అని తాపీగా, ఆయనకు నచ్చేటంత చిన్నగా కొట్టాను. చివర టిక్ టిక్.

పిట్టగోడ మీద పెట్టిన నా ఫోను మోగింది. ఒకసారి, రెండోసారి, ఆగిపోయింది. తెర మీద ‘మాస్టారు’ అన్న పేరు ఇంకా వెలుగుతోంది. నేను తిరిగి చేయలేదు. గూడెంలో అమ్మగారు ఈపాటికి కాఫీ కలుపుతూ ఉంటారు.