సీడీకి పెట్టిన బొట్టు

జర సక్కగ కూసోరా కన్నా. ఆ ఆట బంద్ చేసి, ఈ అమ్మమ్మ చెప్పేది చెవి పెట్టి ఇని రాయి. నేను మాట్లాడినట్టు కాదు, పుస్తకంల ఉన్నట్టు రాయాలె. రాస్తున్నవా?

ఆ రోజుల్లో మిర్యాలగూడలో కంప్యూటర్ నేర్చిన ఆడపిల్ల అంటే మామూలు మాట కాదు (నా మెడ కూడా కాస్త పైకే ఉండేది). రైస్ మిల్లు ఆఫీసులో ఉద్యోగం. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ఆఫీసుల వాళ్లందరూ ఒకే చోట స్టాకు చూసుకుని, ఒకరికొకరు కబుర్లు, ఉత్తరాలు పంపుకునేలా నేనే ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేశాను. దాన్ని ఆ ఊళ్ల కంప్యూటర్లలో పెట్టడానికి మా మిల్లు యజమాని సేటు హైదరాబాద్ మనిషిని పిలుస్తానంటే, "ఎందుకు సేటూ, నేను లేనా?" అన్నాను. "సరే బిడ్డా. కోదాడల అందరి ముందర నడువాలె. నడువకపోతే ఇగ ఈ పని హైదరాబాదాయనకే ఇస్త," అన్నాడు.

ఇక నా ప్లాను చూడాలి! అంతా ఒకే ముద్దగా చేయకుండా స్టాకుకు, కబుర్లకు, ఉత్తరాలకు దేని ప్యాకేజీ దానికే కట్టాను, ఒకటి మొరాయిస్తే దాన్నొక్కదాన్నే తీసేయొచ్చని. దేనికది సీడీలోకి ఎక్కించి, ఏది ముందో ఏది వెనకో వరస రాసి, చెడితే ఉంటుందని ఇంకో జత కూడా సంచిలో సర్దాను. బయల్దేరే ముందు మా అత్తమ్మ పసుపు కుంకుమ పళ్లెం తెచ్చింది. కొత్త మోటారుకైనా బొట్టు పెట్టకుండా నడుపుతామా? సీడీలకు తడి పసుపు అద్ది, మీద కుంకుమ పెట్టాను. ఎక్కడ? తళతళ మెరిసే వైపు. కంప్యూటర్ చదివేది ఆ వైపేనని తెలుసు. తెలిసీ, ముఖంలా కనబడేసరికి చేయి అటే పోయింది!

కోదాడలో కొబ్బరికాయ కొట్టారు. కంప్యూటర్ సీడీని మింగి, గుర్రుమని, బయటికి కక్కింది. అక్కడి పెద్ద గుమాస్తా దాన్ని వెలుగుకు పట్టి చూశాడు.

"ఏమ్మాయ్, దీనికి పేరంటం చేశావా? ఉండు, తుడుస్తాను," అని పంచె కొసతో బరబరా రుద్దాడు. అప్పటిదాకా బొట్టే ఉంది, ఇప్పుడు గీతలు కూడా పడ్డాయి.

"పర్వాలేదండీ, ఇంకో జత ఉంది," అని గొప్పగా తీశాను. ఆ జత కూడా ముత్తైదువే.

గుమ్మంలో నిలబడ్డ హమాలీలతో సహా అందరూ నవ్వారు. చేతిలో పెట్టిన కొబ్బరి ముక్కను నమలలేక, పారేయలేక నీళ్లు నిండిన కళ్లతో తల వంచుకుని కూర్చున్నాను. గుమాస్తా సేటుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"సాఫ్ట్‌వేర్ ఖరాబైందా, బొట్టు ఖరాబు చేసిందా?"

"బొట్టే సేటూ. పెట్టింది నేనే."

"రేపు కొత్త సీడీలు పట్టుకొని మళ్ల పో. గీసారి సంచికి పెట్టు బొట్టు," అన్నాడు.

మర్నాడు కోదాడలో నడిచింది, తర్వాత సూర్యాపేటలోనూ నడిచింది. కానీ దాని అసలు పేరు ఎవరూ పలకలేదు. "ఓ సారి పేరంటం తెరువు, స్టాకు చూద్దాం," అనేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇప్పుడు మీ అమ్మ ఇంట్లో కూర్చుని వేలితో నొక్కితే చాలు, సాఫ్ట్‌వేర్ అన్ని ఊళ్లకూ పోతుంది. బొట్టు పెడదామన్నా చోటు లేదు. నిజం చెప్పాలంటే, మెడ పైకెత్తి నడిచిన ఆ పిల్ల...

"అమ్మా! అన్నం పెట్టిన, సల్లారుతది, రా!"

వస్తున్ననే! నువ్వు రాయిరా, ఆ పిల్ల ఇప్పుడు నా ముందర కనబడితే దగ్గర కూసోబెట్టుకొని, కొంగుతోని ఆమె కండ్లు తుడిసి...