పలక మోగితే ఆడే గుర్రం

మా గుర్రం ఆడింది తప్పన్నారు. ఆ రోజు పాడె ముందర తప్పతాగి ఆడిన మగవాళ్లది మాత్రం తప్పు కాదట. వాళ్లకు రెండు కాళ్లే కదా, పాపం!

సంగతి మొదటి నుంచీ చెబుతాను. చిత్తూరులో మాది గుర్రాల ఇల్లు. మా తాత జట్కా తోలాడు. ఆటోలు వచ్చి జట్కాలను మింగేశాక మా నాన్న, మా అబ్బా, పెళ్లిళ్లకు గుర్రాన్ని తోలుకుపోవడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకును వీపున మోస్తూ, బ్యాండు మేళానికి ముంగాళ్లు ఎత్తెత్తి ఆడే తెల్లగుర్రం కావాలంటే తిరుపతి కల్యాణమండపాల నుంచి కార్వేటినగరం దాకా మా ఇంటికే ఫోను వచ్చేది. ఉన్నది ఒక్కటే గుర్రం, ఆడది. బెంగుళూరు వైపు నుంచి ఆట నేర్చినదాన్నే కొనుక్కొచ్చాడు. సందులో మా గుమ్మం పక్కనే రేకుల పంచ, పంచ కింద గుంజ, గుంజకు గుర్రం. అబ్బాకు మోకాళ్లు అరిగిపోయాక దాని మేత, నీళ్లు, ఒళ్లు రుద్దడం, పేడ ఎత్తడం అన్నీ నా నెత్తిన పడ్డాయి.

అంతకు ముందు నేను గూడూరులో కాపురం చేశాను. నిమ్మకాయల మండీలో పనిచేసే మనిషికి ఇచ్చి నిఖా చేశారు. అక్కడ పడినవన్నీ రాయను, నాకిష్టం లేదు. ఒక్కటి చెబుతాను. ఆ మనిషి మోటరుసైకిలు చప్పుడు వీధి మొదట్లో వినబడేసరికి పొయ్యి మీద టీగిన్నె ఉండాలి. లేకపోతే ఆ గిన్నె నా మీదికి వచ్చేది. ఇప్పుడు పుట్టింటికి వచ్చేశాను కదా, ఇంకేం భయం? అయినా మా సందులో ఎవరి మోటరుసైకిలు ఆగినా నా కాళ్లు నన్ను అడక్కుండానే వంటింట్లోకి పోతాయి. పొయ్యి వెలిగించాక గానీ నేను లేచిన సంగతి నాకు తెలియదు. ఛీ, నా కాళ్ల మీద నాకే అసహ్యం వేసేది.

మా అబ్బా దాపరికం లేని మనిషి. నేను పెట్టె పట్టుకుని వచ్చిన రోజే చెప్పేశాడు. "గుర్రం ఉన్నన్నాళ్లు నీకింత కూడు పెడతా బేటీ. అది పోయిందంటే నా సేతిలో ఏముండాది? నువ్వు మళ్లా గూడూరు పోవాల్సిందే." కోపంగా అనలేదు. వాన పడేట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు. దాంతో నా బతుకు తెచ్చి దాని గుంజకే కట్టేసినట్టయింది.

ఎదురింటి అవ్వ పోయింది. చావుకు పలకలు కొట్టేవాళ్లు వచ్చారు. తోలు పలకలు నిప్పు సెగకు కాచి, మా పంచకు నాలుగడుగుల దూరంలో ఒక్కసారి మోగించారు. గుర్రం తల ఎత్తింది. ముంగాలు లేచింది. తర్వాత రెండోది. పాడె కదిలేసరికి మా గుర్రం గుంజ చుట్టూ పెళ్లి ఊరేగింపులో ఆడినట్టే ఆడుతోంది. నేను పగ్గం పట్టుకుని వేలాడాను. ఆగితే కదా! ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకెవడో ఫోను తీశాడు. సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది.

మర్నాడు ఎదురింటి పెద్దకొడుకు, వెనకాల నలుగురు మగవాళ్లు మా గుమ్మం ముందు నిలబడ్డారు. చెడ్డమనిషి కాదు. చిన్నప్పుడు మా తాత జట్కాలో బడికి పోయినవాడే. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా యమ్మ పోతా ఉంటే మీ గుర్రం కులుకుతా ఉండాదే, ఏమి భాయ్ ఇది? యాడ సూసినా ఇదే వీడియో. సుట్టాలంతా నవ్వుతా ఉండారు."

"నోరులేని జీవి గదప్పా. దానికేం తెలుసు పెళ్లేదో సావేదో," అన్నాడు అబ్బా.

"మాకు తెలుసు గదా! మా నాయన కూడా మంచాన పడి ఉండాడు. ఇయాలో రేపో. ఆయన పోయేపొద్దు గూడా ఇట్లా ఆడిందో, ఈ సందులో గుర్రం ఉండగూడదు. ఇది నా ఒక్కడి మాట గాదు."

వేరే చోట కట్టేయొచ్చు కదా అంటారు మీరు. యాడ కట్టాలి? మా సందు చివర గోడ. లోపలి నుంచి బయటికి దారి ఒక్కటే, ఎదురింటి ముందు నుంచే. చావు చెప్పి రాదు. పలకలు మొదలయ్యాక గుర్రాన్ని వాళ్ల ముందు నుంచి నడిపించడమంటే ఆడిస్తూ తీసుకుపోవడమే. పేడ కంపు, ఈగల గోల అని ఊళ్లో ఎవరూ పంచ అద్దెకివ్వరు. పోనీ ఆట మాన్పించేద్దామంటే, ఆడని గుర్రాన్ని పెళ్లికి ఎవరు పిలుస్తారు? ఆడితే సందు వెళ్లగొడుతుంది, ఆడకపోతే ఆకలి వెళ్లగొడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనేది ఊరికే పుట్టలేదు.

"దానికి అంత సంబరమేంటి అబ్బా, పలక మోగితే?" అని విసుక్కున్నాను ఆ పూట.

అబ్బా నన్ను వింతగా చూశాడు. "సంబరమా? ఎవురు సెప్పినారు నీకు? ఆట నేర్పేవాళ్లు పగ్గం బిగించి కట్టి, డోలు దెబ్బకొక కోల దెబ్బ ముంగాళ్ల మీద కొడతారు. కాలెత్తితే దెబ్బ తప్పుతాది. కొన్నాళ్లకి కోల పనే లేదు. సప్పుడు సాలు. అది ఆడతా లేదు బేటీ, దెబ్బ తప్పించుకుంటా ఉండాది."

ఆ మాటకు నేను పంచలోనే కూలబడి ఏడ్చాను. గుర్రం కోసం ఏడ్చానని అబ్బా అనుకున్నాడు. గుర్రం కోసం కాదు.

అప్పటి నుంచి దాన్ని చూసే చూపే మారిపోయింది. హాయిగా ఉన్నప్పుడు దాని కింది పెదవి వేలాడుతుంది, చెవులు పక్కలకు వాలతాయి, వెనక కాలు ఒకటి సగం మడిచి నిలబడుతుంది. ఆడేటప్పుడు అవేవీ లేవు. తోక లోపలికి బిగించి, మూతి బిగించి, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఆడుతుంది. ఇన్నేళ్లు పెళ్లిళ్లలో జనం చప్పట్లు కొట్టింది దానికా!

మరి పెళ్లికి, చావుకు తేడా దానికి ఎట్లా చెప్పడం? పెళ్లికి పోయేటప్పుడు కాళ్లకు గజ్జెలు కడతాం, ఇంటి దగ్గర కట్టం. దాని ఒంటికి తెలిసే తేడా అదొక్కటే. గజ్జెలు ఉంటే ఆట, లేకపోతే తిండి. ఇదీ నా ఆలోచన. అబ్బా పెదవి విరిచాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కోలతో వచ్చిన బుద్ధి కూడా అంతే. దాన్ని తుడిపేయలేవు. దాని మీద ఇంకోటి వేయాల, అంతే."

సరే, వేద్దాం. పలకల మోత ఫోనులోకి ఎక్కించుకున్నాను. మధ్యాహ్నం ఎండకు సందు మూగపోయాక ఫోను లోపలి గదిలో దిండు కింద పెట్టి, సన్నగా మోగించి, ఉడికించిన ఉలవల బకెట్టు గుర్రం మూతి కింద పట్టుకునేదాన్ని. తల కిందికి దించి నమిలే గుర్రానికి గుండె నెమ్మదిస్తుంది. తల పైకెత్తిందంటే పారిపోవడానికే. అందుకని నాకొక నియమం: అది తింటున్నంతసేపు బకెట్టు కదలకూడదు, నేను కదలకూడదు, దోమ కుట్టినా సరే. నేను కదిలితే అది తల ఎత్తుతుంది, తల ఎత్తితే ఆ పూట పాఠం గంగలో కలిసినట్టే. రోజులు గడిచేకొద్దీ ఫోను దిండు కింద నుంచి గుమ్మం మీదికి, గుమ్మం మీద నుంచి పంచలోకి వచ్చింది. ఒకరోజు అంతా బాగుందనుకుంటే ఎక్కడి నుంచో ప్లాస్టిక్ కవరు ఎగిరొచ్చింది. అంతే, గుంజ పెకలించినంత పని చేసింది. కవరుకు బెదరమని దానికి ఎవరూ కోలతో నేర్పలేదు, అది తల్లి కడుపులోంచి తెచ్చుకుంది. ఆ భయానికి నా దగ్గర మందు లేదు. మళ్లీ దిండు కింద నుంచి మొదలుపెట్టాను.

ఇలా ఉండగా ఎదురింటి అరుగు మీద నులకమంచంలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఏమ్మా, ఆ పలకలు నాకేనా?"

ఎదురింటి తాత! నిద్రపోతున్నాడనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నిజమే కదా, బతికున్న మనిషి ఎదురుగా ఆయన చావుకే నేను తాలీము చేస్తున్నాను.

"మాఫ్ చెయ్యి తాతా," అన్నాను.

ఆయన దగ్గుతూ నవ్వాడు. "నేర్పుకోమ్మా, నేర్పుకో. నేనింకా పోలేదులే. అయినా అది ఆడితే ఏమి? మా ముసిల్దాని ముందర ఎంత సక్కంగా ఆడింది! నా ముందర ఎందుకు ఆడగూడదు?"

"అది ఆట కాదు తాతా. దానికి భయం."

"సూడను బాగుంటాది గదా," అన్నాడు.

రోజూ అదే మాట. ఈపొద్దు ఆడిందా అని అడిగేవాడు, ఆడలేదంటే మొహం ముడుచుకునేవాడు. నాకేమో ఆడకపోతే పండగ. ఇద్దరం దాని కాళ్ల వంకే చూస్తూ మధ్యాహ్నాలు గడిపాం.

ఒక పగటిపూట తాత పోయాడు. ఏడుపు వినగానే నేను ఉలవలు పొయ్యి మీద పెట్టాను. పలకలవాళ్లు వచ్చారు. ఫోను కాదు, నిజం పలకలు. నా పక్కటెముకల్లోనే మోగుతున్నట్టున్నాయి. బకెట్టు పట్టుకుని బిస్మిల్లా అనుకుని నిలబడ్డాను. గుర్రం చర్మం అలలుగా వణికింది. ఎడమ ముంగాలు లేచింది. గాల్లో కాసేపు అట్లాగే ఉంది. తర్వాత నెమ్మదిగా నేల మీద పెట్టి, మూతి బకెట్టులో పెట్టింది. నమిలే చప్పుడు నాకు వినబడింది. నా జన్మలో అంత సంతోషం నాకు తెలియదు. దేవుడా, తింటోంది! గూడూరు పోనక్కర్లేదు!

పాడె లేచే ముందు పెద్దకొడుకు తడిబట్టలతో మా పంచ దగ్గరికి వచ్చాడు. థాంక్స్ చెప్పడానికే వచ్చాడనుకున్నాను, పిచ్చిదాన్ని.

"గజ్జెలు కట్టమ్మా. పాడె ముందర ఆడల్ల."

"వద్దన్నావు కదన్నా!"

"మా యమ్మ అడగలేదు, ఆడింది. నాయన నోరు తెరిసి అడిగినాడు. పోయేముందు గూడా అదే మాట. ఆయన ఆశ తీర్సకపోతే ఎట్లా? కాదనబాకమ్మా, అందురూ సూస్తా ఉండారు."

నేను అబ్బా వైపు చూశాను. అబ్బా నేల చూశాడు. "కట్టు బేటీ," అన్నాడు.

కట్టను అనాలి. నోట్లో ఆ మాట ఉంది. కానీ అప్పటికే గజ్జెలు నా చేతిలో ఉన్నాయి. పెట్టె ఎప్పుడు తెరిచానో తెలియదు, ఎప్పుడు మోకాళ్ల మీద కూర్చున్నానో తెలియదు. తోలు పట్టీ కాలికి తగిలిందో లేదో, పలక దెబ్బ పడకముందే గుర్రం ఒళ్లంతా బిగదీసుకుంది. బకెట్టులోంచి తల ఎత్తి నన్ను చూసింది. కంటి తెల్లగుడ్డు కనబడింది. నేను రెండో కాలికీ కట్టాను.

సందు మలుపు దాకా ఆడింది. ఎంత బాగా ఆడిందో అని జనం ఏడుస్తూనే మెచ్చుకున్నారు. ఆ తర్వాత గుర్రాన్ని తీసేయమని మమ్మల్ని ఎవరూ అనలేదు. గెలిచినాం బేటీ అని అబ్బా అన్నాడు.

ఇప్పటికీ అక్కడే ఉన్నాం, నేనూ అదీ. ఆట మాన్పించలేను, మాన్పిస్తే ఇద్దరికీ గడవదు. కనీసం గజ్జెలు కట్టేటప్పుడైనా వణక్కూడదని కొత్త పాఠం మొదలుపెట్టాను. మధ్యాహ్నం గజ్జెలు కడతాను. పలక ఉండదు, ఉలవలు మాత్రం ఉంటాయి. నియమం పాతదే. అది తింటున్నంతసేపు నేను కదలకూడదు.

మొన్న అలాగే బకెట్టు పట్టుకుని ఉంటే సందులో మోటరుసైకిలు ఆగింది. ఎవరిదో కాదు, ఆ మనిషిదే. నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"అల్లుడు వచ్చినాడు, టీ పెట్టు బేటీ," అన్నాడు అబ్బా.

నా కాళ్లు లేచాయి. అబద్ధం ఎందుకు, మడమలు నేల వదిలాయి. బకెట్టు కదిలింది. గుర్రం చెవులు నా వైపు తిరిగాయి. ఇంకొంచెం కదిలితే తల ఎత్తుతుంది.

"గుర్రం తింటా ఉండాది అబ్బా," అన్నాను.

"టీ అన్నాను," అన్నాడు ఆ మనిషి.

ఆ గొంతు నాకు తెలుసు. బకెట్టు తీగ చప్పుడు కాకుండా రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. నేను గుర్రం మూతి వంకే చూస్తున్నాను. అది తల ఎత్తలేదు, నమిలింది, మళ్లీ నమిలింది. ఉలవలు అయిపోయినా అడుగున మిగిలిన నీళ్లు నాకుతోంది. మడమలు నేలకు ఆనించి నేను అక్కడే నిలబడ్డాను.

చివరికి మోకాళ్లు పట్టుకుని లేచి, టీ మా అబ్బానే పెట్టాడు.