చూడలేదన్నవాళ్ళే పాడె మోశారు

మా వదిన కొడుకును చేనుగట్టు మీద కొట్టి చంపిన రోజు, ఊరి పెద్దలు ముగ్గురు పక్క చేనులో నిలబడి చూశారు. కోర్టులో ముగ్గురిదీ ఒకటే మాట. "మేం సూడలే సార్." ఆ మాట ఇన్నేళ్ళూ నేను మరవలేదు. శుక్రవారం తెల్లారి మా వదిన పోయింది. పాడె పట్టడానికి అందరికంటే ముందు వచ్చింది ఆ ముగ్గురే. అందుకే ఊరందరికీ ఇది రాస్తున్నాను. నాకు రాత అంతంతే.

కొట్లాట ఎందుకంటే, ఒకడి బర్లు మా వదిన కంది చేనులో పడ్డాయి. ఆమె కొడుకుతో మాటా మాటా పెరిగింది. బర్లవాడు పార ఎత్తాడు. నిజం చెప్తే రెండిండ్లలో ఒక ఇంటితో చెడి, ఆ ఇంటి పెళ్ళిబువ్వకు పిలుపు పోతుందని మన పెద్దలు నోళ్ళు కుట్టేసుకున్నారు. కొట్టినవాడు మాత్రం జడ్జి ముందు తలెత్తి చెప్పాడు.

"నేనే కొట్టిన. సస్తడనుకోలే. గని కొట్టింది నేనే."

వాణ్ణి జైలుకు పంపింది వాడి నోరే.

శిక్ష తీరాక వాడు నారాయణఖేడ్‌లో బస్సు దిగి, ఊరిదాకా నడుచుకుంటూ వచ్చాడు. హోటల్లో చాయ్ పోయలేదు. కూలికి ఎవరూ పిలవలేదు. వాణ్ణి ఖూనీకోరని పిలవమని పిల్లలకు నేర్పింది కూడా ఆ ముగ్గురే. ఒకరోజు మా వదిన వాడి గడప ముందుకు పోయి, "రేపటి సంది నా చేనుకు రా" అన్నది.

నాకు మండింది. "వదినా, నీకు సిగ్గున్నదా? కొడుకును సంపినోనికి నాగలిస్తవా?"

"జైల్ల బెట్టి సర్కారు పగ తీర్చుకున్నది. నా చేను ఎవడు దున్నాలె? నువ్వొస్తవా?"

"నాకు నడుమునొప్పి."

"గట్లయితె నోర్మూస్కో. నా కొడుకు గురించి నిజం జెప్పిన నోరు గా ఒక్కటే."

ఆమె వాణ్ణి క్షమించిందని ఎవరూ అనుకోవద్దు. వాడి పేరు ఎన్నడూ పలకలేదు. జొన్నరొట్టె, పచ్చిమిరప కారం గుడ్డలో కట్టి, గట్టు మీది రాతిపై పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేది. సాలు వంకర పోయిందంటే మాత్రం అరిచేది. "కండ్లు జైల్ల మర్శిపోయొచ్చినవా?" వాడు ఎద్దుల్ని మళ్ళించి ఆ సాలు మళ్ళీ దున్నేవాడు. నేనూ వాడితో ఏనాడూ మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడను. కానీ ఆ చేను బీడు పడలేదు. వాడు మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

"గుంజకు కట్టేస్తె ఎద్దుకు బుద్ధి రాదు మర్దీ, కాడికి కట్టాలె" అనేది వదిన.

మంచం పట్టాక నన్ను ఒక్కటే అడిగింది. "నా పాడె ఒక కొమ్ము వానికియ్యి."

ఇద్దామంటే ముగ్గురూ అడ్డం నిలబడ్డారు. "ఖూనీకోరు ముట్టిన పాడెను ఊర్లెకెళ్లి పోనియ్యం" అన్నారు. శవాన్ని వాకిట్లో పెట్టుకొని కొట్లాడటం ఇష్టంలేక నేను ఊరుకున్నాను. వాడు భుజం మీద తువాల మడత పెట్టుకొని, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. పాడె వాడి ముందు నుంచే పోయింది. ఆ మడత అట్లనే ఉంది.

పెద్దలారా, మీరు చూడలేదు కదా. మరి వాడు ఖూనీకోరని మీకెట్ల తెలుసు? వాడు ఒప్పుకున్నాడు కాబట్టే కదా. నిజం చెప్పినవాణ్ణి గోడ పక్కన నిలబెట్టి, నిజం మింగినవాళ్ళు పాడె ముందు నడిచారు. ఇగ శిక్ష వేయాలంటే ఆ తల్లి వేయాలి. ఆమె నాగలి ఇచ్చింది. నడుమ మీరెవరు?

వచ్చే సోమవారం ఆమె దినం. భోజనాల బంతి ఆ చేనులోనే. మొదటి విస్తరి వాడికి, ఆమె రొట్టె పెట్టిన రాతి పక్కన. దాని పక్కన మూడు విస్తర్లు ఖాళీగా వేయిస్తాను. సోమవారం అన్నం వడ్డించేలోపు వచ్చి నలుగురిలో చెప్పండి. ఆ రోజు చూశారా, చూడలేదా?