ఎనిమిది రోజుల కప్పు

పోయిన ఆదివారం తిరుపతిలో మా చిన్నమ్మాయి ఇంట్లో అన్నం తింటుంటే, పైకప్పు నుంచి అరచేయంత సిమెంటు పెచ్చు ఊడి నా కంచం పక్కనే పడింది. ఇల్లు కట్టి రెండేళ్లు కూడా కాలేదు. పుట్టీ పెట్టి రంగు వేయిస్తే సరిపోతుందని అల్లుడు నవ్వేశాడు గానీ, తలెత్తి చూస్తే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పగులు పారి ఉంది, దాని కిందే నా మనవరాలి మంచం. ముద్ద కంచంలోనే వదిలేసి లేచాను.

నలభై ఏళ్లు తాపీ పట్టినవాణ్ని, ఆ పగులేమిటో నాకు తెలియనిదా. మా నాయనా మేస్త్రీనే. మీసాలు వచ్చాక ఆయన చేతికిందే శ్రీకాళహస్తి చుట్టుపక్కల మిద్దెలు కట్టాను. గానుగలో ఆడించిన సున్నం, కరక్కాయా బెల్లమూ నానేసిన నీళ్లు, కప్పు మీద వరసగా కూర్చుని రోజుల తరబడి కొయ్యలతో కొట్టే ఆడవాళ్లు, వాళ్ల పాటలు, మధ్యలో మా నాయన మీద వాళ్లు ఆడే ఎకసెక్కాలు, ఇవన్నీ నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు. కొట్టిన కొయ్య ఎగిరి పడేంతగా కప్పు గట్టిపడేదాకా ఆయన పని ఆపనిచ్చేవాడు కాదు. ఒకచోట కూతురి పెళ్లి దగ్గర పడిందని, కొట్టింది చాలు, పూత వేసేయమని ఇంటాయన తొందరపెడితే, మా నాయన తాపీ కింద పెట్టి, "పెండ్లి పందిట్లో చేసుకోప్పా, ఈ కప్పు కింద మనుసులు పండుకోవాల" అన్నాడు. పెళ్లి పందిట్లోనే జరిగింది. ఆ ఇంటాయన ఆర్నెల్లు మాతో మాట్లాడలేదు.

మరి నేనేం చేశాను? మా అమ్మాయి ఇంటికి కప్పు పోసిన ఎనిమిదో రోజే, వేరే చోట కావాలని కాంట్రాక్టరు మనుషులు కప్పును మోస్తున్న సెంట్రింగ్ విప్పుకుపోతుంటే, ఎదురుగా కుర్చీలో కూర్చుని చూశాను. మూడు వారాలు నీళ్లు నిలవాల్సిన కప్పు మీద రోజూ పొద్దున ఒకసారి పైపుతో చల్లి పోయేవాళ్లు. గృహప్రవేశం పత్రికలు అచ్చయిపోయాయి, అల్లుడు సంబరంగా ఉన్నాడు, ముసలాయన చాదస్తం అంటారేమోనని నోరు మూసుకున్నాను. నాలుగు నెలల్లో ఇల్లు లేచిందని వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే, సిగ్గులేకుండా నేనూ తలాడించాను.

ఆదివారం నేను చెయ్యి కడుక్కుంటుంటే అమ్మాయి పక్కకొచ్చి నిలబడింది. "నాయనా, నువ్వు మేస్త్రీవి గదా, నువ్వు సెప్పు. ఏం గాదు గదా?" అంది. ఏం కాదులేమ్మా అన్నాను. నా మాట నమ్మి బిడ్డను ఆ మంచం మీదే పడుకోబెట్టింది.

గానుగ పోయింది, సున్నం పోయింది, ఆ పాటలూ పోయాయి, పోతే పోనీ అనుకోవచ్చు. ఇంటాయన మొహం మీదే కుదరదని చెప్పే మేస్త్రీ కూడా పోయాడు, వాడు నాలోనే పోయాడు. నాలుగు రోజులైంది, నేనింకా మా ఊరికి పోలేదు. పిల్ల పడుకున్నప్పుడల్లా గుమ్మంలో కూర్చుని కప్పు వంక చూస్తున్నాను, అయినా ఈ కప్పు కింద పడుకోవద్దనే ఆ ఒక్క మాట నా నోటికి రావడం లేదు.